చుక్కల జింకా... టేపిర్ పిల్లా?

పెద్దమందడి నుంచి పిల్లల్ని వెంటేసుకుని హైదరాబాద్ బయల్దేరితే, ఎదురుపడిన ప్రతివాళ్లూ అడిగే మాట ఒకటే... 'జూకేనా?' అని. కొత్తకోట దగ్గర హైవే ఎక్కి ఆరాంఘర్ చౌరస్తాలో దిగితే, బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు ఎంతో దూరం ఉండదు. సోమవారం సెలవు. అది తెలియక ఓసారి గేటు మాత్రం చూసి తిరిగొచ్చాం!

ఈసారి మాతో పెదనాన్న, ఆయన ఎనిమిదేళ్ల మనవరాలు. పాప చేతిలో బొమ్మల పుస్తకం. అందులోని 'టేపిర్' కావాలట. ముందు సగం నలుపు, నడుమంతా తెలుపు, వంగే పొట్టి తొండం... మలయా అడవుల ప్రాణి. ఖడ్గమృగానికీ గుర్రానికీ దూరపు చుట్టం. ఒంటినిండా చారలూ చుక్కలతో పుచ్చకాయలా ఉండే దాని పిల్ల పుట్టిందంటే చాలు, విదేశీ జూలలో జనం ఎగబడతారు. ఆరునెలలు తిరిగేసరికి ఆ చారలు మాయం. మాకు మాత్రం ఎక్కడా టేపిర్ కనిపించలేదు.

1963లో తెరిచిన ఈ జూ దాదాపు 380 ఎకరాలు. ఏనుగులు, సింహాల దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. 2021లో ఇక్కడి ఎనిమిది సింహాలకు కరోనా సోకిందంటే దేశమంతా ఆరా తీసింది. ఆకర్షణ అంటే అదీ!

జనం ఆగని ఓ కంచె దగ్గర పాప అరిచింది. "తాతా, టేపిర్ పిల్ల!"

చుక్కలు, చారలు నిజమే. కానీ అది మూషిక జింక. ఎత్తు అడుగు, బరువు రెండు మూడు కిలోలు. కొమ్ములుండవు, మగదానికి చిన్న కోరలుంటాయి. పెదనాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. "గిది మన నల్లమలలదే బిడ్డా! కరువుల పసులు తోలుకపోయినప్పుడు సూసిన. ఆకు కదిలితే ఉరుకుతది."

వేటకీ అడవి నరికివేతకీ ఇది తగ్గిపోతుంటే, 2010లో జూ అధికారులు, సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు కలిసి కొద్దిపాటి జంతువులతో సంతతి పెంచడం మొదలుపెట్టారు. ఈనిన కొద్ది గంటలకే ఆడది మళ్లీ జతకడుతుందని గమనించారు. కొన్నేళ్లలో సంఖ్య రెండు వందలు దాటింది. 2017లో కొన్నింటిని మన పక్కనున్న అమ్రాబాద్ పులుల అడవికి చేర్చారు. ముందు కంచెలో అలవాటు పడనిచ్చి, ఆ తర్వాతే వదలడం.

ఇంత జరిగినా ఆ కంచె ముందు అరగంటలో నిలబడింది మేం ముగ్గురమే. జనాన్ని అనలేం లెండి. సింహాన్ని చూద్దామనే కదా మేమూ టికెట్ కొన్నది! ఆ టికెట్ల డబ్బుతోనే ఈ చిన్న ప్రాణులకీ మేత. అయినా మన అడవి జంతువుని మన పిల్ల పరాయి దేశపు పేరుతో పిలవడం మాత్రం మనసుకి గుచ్చుకుంది.

దాన్ని నల్లమలలోనే చూస్తానంటాడు పెదనాన్న. అది తిరిగేది రాత్రిపూట. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికే బండ్లు ఆపేస్తుంది. ఎంత చెప్పినా వినలేదు. వచ్చే శివరాత్రికి శ్రీశైలం పోయేటప్పుడు ఫరహాబాద్ దగ్గర కాసేపు ఆగాలని బస్సులోనే మాట తీసుకున్నాడు.