కొలత తప్పని ఓడ

మేళ్లచెరువు సముద్రమునకు చాల దూరము. సూర్యాపేట జిల్లాలోని ఆ ఊరి పరిసరములలో కనిపించునవి సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారముల పొగగొట్టములు, పంట పొలములు. దక్షిణమున కృష్ణానది కలదు. దానిపై చిన్న పడవలు తిరుగును గాని ఓడలు రావు. మహాశివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర జరుగునప్పుడు అచ్చటి పిల్లలు ఎడ్ల బండలాగుడు పందెములను కన్నులార చూచెదరు. ఎద్దు బలమెంతయో, బండ బరువెంతయో వారికి తెలియును. యుద్ధనౌక పొడవెంత యని అడిగినచో మాత్రము చేతులు చాచి చూపుటయే తప్ప వేరు మార్గము లేదు. చూడని వస్తువును ఉన్నదున్నట్లు తెలిసికొనుటకు మానవుడు కనిపెట్టిన సాధనములలో నమూనా యొకటి.

బొమ్మ వేరు, నమూనా వేరు. కొండపల్లి పనివాడు తెల్లపొణికి కర్రతో అంబారీ యేనుగును చేయును. మావటివాని తల యేనుగు చెవి యంత యున్నను ఎవ్వరును తప్పు పట్టరు. అందలి యందము వేరు. నమూనా అట్లు కాదు. అసలు వస్తువులోని ప్రతి కొలతయు ఒకే లెక్కన తగ్గవలెను. ఒక భాగము ఎక్కువ తగ్గి, మరియొకటి తక్కువ తగ్గినచో అది నమూనా కాజాలదు. ఈ లెక్కనే నిష్పత్తి యందురు. పెట్టెమీద 1:700 అని అచ్చు వేసియున్నచో, ఓడలోని 700 అడుగులు నమూనాలో ఒక అడుగైనవని యర్థము.

దీనికి మన దేశపు నౌకయే చక్కని యుదాహరణము. 1961లో భారత నౌకాదళమున చేరిన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ పొడవు సుమారు 700 అడుగులు. కావున 1:700 నిష్పత్తిలో దాని నమూనా సరిగా ఒక అడుగు, అనగా బడిపిల్లవాని కొలబద్ద యంత యగును. ఆ నమూనాపై నిలిచిన నావికుడు రెండున్నర మిల్లీమీటర్లకు మించడు. ఆవగింజకంటె కొంచెము పెద్ద. 2022లో నౌకాదళమున చేరిన క్రొత్త విక్రాంత్ పొడవు 262 మీటర్లు. అదే నిష్పత్తిలో అది సుమారు 37 సెంటీమీటర్లు. రెండు నమూనాలను ప్రక్కప్రక్కన నుంచిన యెడల, అరువది యేండ్లలో నౌక యెంత పెరిగినదో వేయి మాటలు చెప్పనక్కరలేదు.

ఇట్టి నమూనాలను నేడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేయుచున్నారు. కరగిన ప్లాస్టిక్‌ను ఉక్కు అచ్చులలోనికి బలముగా నెట్టి చల్లార్చుదురు. భాగములు చట్రములకు అంటుకొని, మామిడి కొమ్మకు పిందెలవలె బయటికి వచ్చును. వానిని కత్తిరించి, నునుపు చేసి, జిగురుతో అతికి, రంగు వేయుట కొన్నవాని పని. ఈ భాగముల పెట్టెనే కిట్టు అందురు. ప్లాస్టిక్ ఖరీదు స్వల్పమే. అచ్చు చేయుటకే ఎక్కువ ధనము కావలెను. కావున ఒకే ఓడను ఇద్దరు వర్తకులు చేసినచో పోటీ తప్పదు.

ఆ పోటీ యెట్టిదో జపాను దేశములో 1960లో జరిగిన యుదంతము తెలుపును. షిజువొకా నగరములోని టామియా సంస్థ అంతవరకు కొయ్య నమూనాలు చేయుచుండెను. ఆ సంవత్సరము తన మొదటి ప్లాస్టిక్ కిట్టుగా యమాటో యుద్ధనౌకను 1:800 నిష్పత్తిలో వెలువరించెను. సరిగా అప్పుడే నిచిమో యను మరియొక సంస్థ అదే నౌకను తక్కువ వెలకు అంగళ్లకు పంపెను. టామియాయును వెల తగ్గించక తప్పినది కాదు. అచ్చుల కొరకు పెట్టిన సొమ్మే తిరిగి రాలేదు. కొనువారు మొట్టమొదట వెలనే చూతురని ఆ సంస్థకు తెలిసివచ్చెను. అయినను అది ఆ వృత్తిని వదలక, క్రమముగా లోకమంతట పేరు గాంచెను.

1971లో ఆ ప్రాంతమునకు చెందిన టామియా, హసెగావా, అయోషిమా, ఫుజిమి సంస్థలు నాలుగును ఒక యుపాయము పన్నినవి. జపాను నౌకలను తమలో తాము పంచుకొని, అన్నిటిని 1:700 నిష్పత్తిలోనే చేయ నిశ్చయించినవి. నీటి మట్టమునకు దిగువ భాగమును విడిచిపెట్టి, పై భాగమును మాత్రమే చూపుట ఈ వరుసలోని విశేషము. అట్టి నమూనాను బల్లపై నుంచినచో ఓడ నీటిపై తేలుచున్నట్లే తోచును. ఏ సంస్థ పెట్టె కొన్నను నౌకలన్నియు ఒకే లెక్కన చిన్నవైనవి గనుక, పిల్లవాడు ఏటికొకటి చొప్పున కొన్నను తుదకు ఒక నౌకాదళమే కుదురును. బ్రిటన్‌కు చెందిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ ఇట్లే చాలకాలము 1:600 నిష్పత్తిని పాటించెను. అమెరికాలో రెవెల్ సంస్థ తొలినాళ్లలో చేసిన కిట్లు కొన్ని పెట్టె కొలతను బట్టి చేసినవి. పెట్టెలో పట్టునంత ఓడను చేయుటచేత, వాని నిష్పత్తులు ఒకదానితో మరియొకటి కలియవు. విడిగా చూచినచో అందముగనే యుండును. ప్రక్కన నుంచినచో చిన్న ఓడ పెద్దదిగను, పెద్ద ఓడ చిన్నదిగను కనబడి కన్నును మోసగించును.

ఇక మేళ్లచెరువులో ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు సంవత్సరము పొడుగున కూడబెట్టిన సొమ్ముతో ఒక నమూనా కొనదలచెననుకొనుడు. వాని యెదుట యమాటో పెట్టెలు రెండున్నవి. ఒకటి 1:700, వెల వేయి రూపాయలు. మరియొకటి 1:350, వెల అయిదు వేలు. ఈ వెలలు లెక్క కొరకు చెప్పినవే. రెండు మూతలపైని చిత్రములును ఒకదానిని మించినది మరియొకటి: ఎగయు కెరటములు, నిప్పులు గ్రక్కు ఫిరంగులు. చిత్రకారుని కుంచెకు వెల కట్టి కొనువాడు ఇంటికి పోయి విచారించును. మూత విప్పి, కొలబద్ద పట్టి, లెక్క వేయువాడే వివేకి.

అసలు యమాటో పొడవు 263 మీటర్లు. మొదటి నమూనా సుమారు 37.6 సెంటీమీటర్లు, రెండవది 75 సెంటీమీటర్లు. పొడవు రెండింతలే గదా, వెల అయిదింతలేల యని తోచవచ్చును. కాని పొడవు రెండింతలైనప్పుడు వెడల్పును రెండింతలగును. కావున పై తలము నాలుగింతలగును. నమూనా లోపల బోలుగా నుండును గనుక, గుల్ల మందము మారనిచో ప్లాస్టిక్కును నాలుగింతలు కావలెను. పెద్ద పెట్టెలో అడుగు భాగమును కూడ నున్నచో అది యింకను ఎక్కువ. కాబట్టి వెల అయిదింతలుండుట అన్యాయము కాకపోవచ్చును. అయితే ముప్పావు మీటరు పొడవు గల వస్తువును దుమ్ము పడకుండ, పిల్లి త్రోయకుండ ఎచట దాచవలెను? ఇంటిలో చోటు కూడ వెలలో భాగమే.

తరువాత చూడవలసినది వివరము. ఓడ అంచున నావికులు పడిపోకుండ కట్టు కమ్ముల కంచె యుండును. దానిలోని యినుప త్రాడు మందము రెండు సెంటీమీటర్లనుకొన్నను, 1:700లో అది మిల్లీమీటరులో ముప్పదియైదవ వంతు మాత్రమే. తల వెంట్రుకకన్న సన్నము. అంత సన్నని ప్లాస్టిక్‌ను ఏ యచ్చును పోయజాలదు. అందువలన కొందరు తయారీదారులు కంచెను పూర్తిగా విడిచిపెట్టుదురు. కొందరు మొద్దుగా పోయుదురు. మరికొందరు పలుచని ఇత్తడి రేకును రసాయనముతో తొలచి, సాలెగూటివంటి కమ్ములను వేరుగా అమ్ముదురు. మొద్దు కంచె కంటె కంచె లేకుండుటయే మేలు. లేనిది లోపము మాత్రమే. తప్పు కొలత అసత్యము. పెట్టెలో భాగములు వేయి యున్నవని మురియుటకు ముందు, ఆ వేయిలో ఎన్ని సరియైన కొలతలో నున్నవో చూడవలెను.

మూడవది అచ్చు వయస్సు. ఉక్కు అచ్చు ఏండ్ల తరబడి వాడగా అరగును. అప్పుడు భాగముల యంచుల వెంట పలుచని రేకువలె ప్లాస్టిక్ పొంగి వచ్చును. దానిని గీకి తీయుట కొన్నవాని తలపై బడును. మరియు, పాత యచ్చు పాత జ్ఞానమును మాత్రమే కలిగియుండును. యమాటో 1945 ఏప్రిల్ 7న మునిగిపోయెను. ఆ నౌక చిత్తుపటములలో చాల భాగము యుద్ధాంతమున నాశనమయ్యెను. సముద్రగర్భమున దాని శిథిలములను 1985లో గుర్తించిరి. టామియా సంస్థ 1978లో ఆ నౌకను 1:350లో చేసి, మరల 2011లో అదే నిష్పత్తిలో సరిక్రొత్త యచ్చులతో చేసెను. సంస్థయు అదే, ఓడయు అదే, నిష్పత్తియు అదే. అయినను రెండును ఒకటి కావు. పెట్టెపై నున్న పేరును మాత్రమే చూచి కొనువాడు ఈ భేదమును కానలేడు.

కనుక ఆ బాలుడు వర్తకుని అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: నిష్పత్తి యెంత? ఓడ పూర్తిగా నున్నదా, నీటి మట్టము వరకేనా? అచ్చు ఏనాటిది? జిగురు, రంగులు, కుంచె పెట్టెలో నున్నవా, వేరుగా కొనవలెనా? చివరి ప్రశ్న అల్పముగా తోచును గాని, చౌక పెట్టెను ఖరీదైనదిగా మార్చునది అదియే. మొదటిసారి చేయువానికి చిన్న నిష్పత్తిలోని చౌక పెట్టెయే తగును. చేయి తిరుగువరకు తప్పులు తప్పవు, వేయి రూపాయల తప్పు అయిదు వేల తప్పు కంటె తేలిక. చేయి తిరిగిన పిమ్మట, ఒకే యేడు రెండు చౌక పెట్టెలు కొనుటకంటె రెండేండ్లాగి సరియైన దానిని కొనుట మేలు.

ఇంతటి పట్టుదల ఆటవస్తువునకేల యని పెద్దలు కొందరు అడుగవచ్చును. విశాఖపట్టణములో 1969లో స్థాపించిన నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవు గల నీటి తొట్టి కలదు. కట్టబోవు ఓడకు ముందుగా నమూనా చేసి, ఆ తొట్టిలో లాగి, నీరు దానిని ఎంత బలముగా ఎదుర్కొనునో కొలుతురు. నమూనా కొలత తప్పినచో అసలు ఓడ లెక్క తప్పును. ఆ లెక్కపై వందలాది నావికుల ప్రాణములు నిలిచియుండును.

మరియొక కారణము కూడ కలదు. 1971 యుద్ధములో విక్రాంత్ బంగాళాఖాతమున పోరాడెను. దానిని వెదకుచు వచ్చిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ విశాఖతీరమున మునిగెను. అందున్న వారిలో ఒక్కడును మిగులలేదు. విక్రాంత్ 1997లో విశ్రాంతి పొంది, కొంతకాలము ముంబైలో ప్రదర్శనశాలగా నుండెను. 2014లో దానిని ముక్కలుగా విప్పుట మొదలిడిరి. నేడు ఆ నౌక లేదు. దాని రూపము ఛాయాచిత్రములలోను, చిత్తుపటములలోను, కొలత తప్పని నమూనాలలోను మాత్రమే నిలిచియున్నది. నమూనా చేయువాడు ఈ సంగతిని మరువరాదు. 1941 మే 24న బ్రిటన్ నౌక హుడ్ మునిగినప్పుడు అందున్న 1,418 మందిలో ముగ్గురే బ్రదికిరి. బల్లపై అందముగా నిలిచిన ప్రతి యుద్ధనౌక వెనుకను ఇట్టి కన్నీటి కథ యుండవచ్చును. ఆ కన్నీటికి మనుష్యుడు చూపగల చిన్న గౌరవము, ఉన్నదానిని ఉన్నట్లు చూపుటయే.

పెట్టె కొను స్తోమత లేని పిల్లలకును ఈ విద్య దూరము కాదు. విశాఖపట్టణము సముద్రతీరమున కురుసుర జలాంతర్గామి 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్నది. దానిని ఒడ్డుకు చేర్చి నిలిపినందువలన, నీటిలో నెన్నడును కనబడని అడుగు భాగము కూడ కనబడును. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు ఏడున్నర మీటర్లు. 1:100 నిష్పత్తి తీసికొన్నచో మీటరు సెంటీమీటరగును. లెక్క నోటితోనే చెప్పవచ్చును. వడ్రంగి కొట్టములో మిగిలిన కఱ్ఱముక్క, ఆకురాయి, గరుకు కాగితము, కొలబద్ద ఉన్నచో 91 సెంటీమీటర్ల జలాంతర్గామి తయారగును. దానికి వివరములు తక్కువైనను నష్టము లేదు. పొడవు వెడల్పులు సరిపోయిన చాలును. ఎక్కువ వెల పెట్టి కొన్న పెట్టెతో నేర్చుకొనునదియు, ఊరకే దొరికిన కఱ్ఱతో నేర్చుకొనునదియు ఒకటే: కన్ను మెచ్చినంత మాత్రమున నమ్మక, కొలిచి నమ్మవలెను.