మెడ

మావాడు పుట్టగానే ఏడవలేదు. వాడికిప్పుడు ఇరవై దాటాయి గానీ ఎవరి ఇంట్లో పురుడొచ్చినా నా చెవులు ముందు ఆ ఏడుపు కోసమే చూస్తాయి.

అది 2004 ఆగస్టు. నాట్ల రోజులు. తొమ్మిదో నెల పడ్డా ముఠాతో చేలోకి దిగాను. గుత్తకి ఒప్పుకున్నాక ఒక మనిషి తగ్గితే ఆ పనంతా మిగతా ఆడోళ్ళ నడుముల మీద పడుద్ది. మధ్యాహ్నం నడుం పట్టేసింది. పొద్దుగూకేసరికి ఉమ్మనీరు పోయింది. 108 బండ్లు మన రాష్ట్రంలో మొదలైంది 2005లో. మాకు అప్పటికి లేవు. పేటలో ఆటో ఉన్న అన్నని బతిమాలుకుని ఎక్కాం.

ఆసుపత్రికి చేరేసరికి రాత్రి ఏడు. గోడ గడియారం నేను చూశాను. ఈ మాట మళ్ళీ చెప్పాల్సొస్తుంది, అందుకే ముందే రాస్తున్నా.

"ఏ ఊరు?" అంది నర్సు. కూచిపూడి అన్నాం. మొహం విప్పారింది. ఊరి పేరు వింటే అందరికీ గజ్జెలే గుర్తొస్తాయి. "కూచిపూడిలో ఎక్కడ?" అంది. అమ్మ పల్లె పేరు చెప్పింది. అంతే, మంచం ఖాళీ లేదంది.

వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. అమ్మ మూడుసార్లు లోపలికెళ్ళింది. "నీరు పోయి చాలాసేపయిందమ్మా, ఒక్కసారి చెయ్యేసి చూడండమ్మా" అంది. "అంత తొందరైతే ఇంటికాడే కనాల్సింది" అని జవాబు. మా అమ్మమ్మ మంత్రసాని. మా పేటలోనే కాదు, ఊళ్ళో రైతుల ఇళ్ళల్లోనూ పురుళ్ళు పోసింది. బిడ్డ బయటపడేదాకా ఆమె చెయ్యి కావాలి, పడ్డాక ఆమె తిరిగిన గదిని కడుక్కోవాలి. కుంచెడు వడ్లు చేటలో ఎత్తి పోసేవాళ్ళు, చెయ్యి తగలకుండా. ఇంటికాడే కనమన్న మాటకి అమ్మ తిరిగి ఏమీ అనలేదు. ఆ అమ్మమ్మ చనిపోయి అప్పటికి నాలుగేళ్ళు.

తెల్లారగట్ల నాలుగింటికి బల్ల ఎక్కించారు. బిడ్డ నీలంగా వచ్చాడు. మెళ్ళో పేగు రెండు చుట్లు. కాళ్ళు పట్టి తట్టారు, గొట్టం పెట్టారు, గాలి కొట్టారు. నేను పడుకుని ఏడుపు కోసం వింటున్నా. ట్యూబులైటు గుయ్‌మంటున్న చప్పుడే వినపడింది. ఎంతసేపటికో పిల్లి కూన అరిచినట్టు ఒక్క మూలుగు.

రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. పన్నెండో రోజున ఇంటికొచ్చాం. మేం చర్చికి పోయే మనుషులం, అయినా పేగు మెళ్ళో వేసుకు పుట్టినోడు మేనమామకి గండమని మా అన్నని కూర్చోబెట్టి, ముందు గిన్నెలో నూనె పోసి అందులో వాడి మొహం చూపించారు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిన గంటకి. రెండూ జరిగాయి. ఎవరికీ తప్పనిపించలేదు.

ఆసుపత్రి కాగితం నేను ఇంటి దగ్గర చదివాను. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషు దానికి సరిపోయింది. బంధువులు ఆలస్యంగా తీసుకొచ్చారని రాసుంది. చేరిన టైము తెల్లారి మూడున్నర. రాత్రి ఏడు నుంచి మేం కూర్చున్న బెంచీ ఆ కాగితంలో ఎక్కడా లేదు. తర్వాత ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా ముందు ఆ వాక్యం చదివి, తలెత్తి, "మీ వాళ్ళెప్పుడూ ఇంతే" అన్నట్టు చూసేవాడు. కొందరు అననూ అన్నారు.

మూడో నెలకి బిడ్డ మెడ నిలపాలి. మావాడు నిలపలేదు. భుజాన వేసుకుంటే తల వాలిపోయేది. పిడికిళ్ళు బిగించే ఉంచేవాడు. నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళు కత్తెరలా పెనవేసుకుంటే విడదీయడానికి ఇద్దరం కావాలి. "మగపిల్లలకి ఆలీసం అవుద్దిలేమ్మా" అనేది అత్తమ్మ. ఒక డాక్టరు టానిక్కు రాశాడు. పెసరకట్టు, నువ్వులనూనె మర్దన, తాయెత్తు, ఉపవాస ప్రార్థన, అన్నీ అయ్యాయి.

ఆరో నెల్లో కూలికి పోతూ కలాక్షేత్రం గోడ పక్కనుంచి నడిచాను. లోపల అభ్యాసం. మెడని మాత్రమే కదిపే పద్ధతులు నాలుగున్నాయట వాళ్ళకి, వాటికి సంస్కృతం పేర్లు. నాకప్పుడు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

చెవుడు కూడానేమో అని భయం. ఫిట్స్ వచ్చిన పిల్లలకి అదీ పోవచ్చని ఎవరో అన్నారు. మావ డప్పు వాయిస్తాడు. ఒకరోజు గడ్డిమంట దగ్గర డప్పు కాచి, వాడి వెనక నిలబడి ఒక్క దెబ్బ వేశాడు. వాడు ఉలిక్కిపడి బెదిరి ఏడ్చాడు. ఎంత ఏడ్చాడో! మేమిద్దరం నవ్వుతూ ఏడుస్తున్నాం. పుట్టిన రోజు ఏడవని ఏడుపు ఆరో నెల్లో విన్నాం.

పదో నెల్లో బెజవాడలో ఒక డాక్టరమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుని చెప్పింది. పుట్టేటప్పుడు మెదడుకి ప్రాణవాయువు అందకపోతే కండరాలని నడిపే భాగం దెబ్బతింటుంది, దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారు, మందుతో పోదు, రోజూ వ్యాయామం చేయిస్తే చేతులూ కాళ్ళూ బిగుసుకుపోకుండా ఉంటాయి అని. "నేను నాట్లేశానని ఇలా అయిందామ్మా?" అనడిగాను. పది నెలలుగా పొట్టలో ఉన్న ప్రశ్న అది. "కాదు" అంది. ఇంకేదో కూడా చెప్పింది గానీ ఆ ఒక్క మాటే నాతో ఇంటికొచ్చింది.

ఇక్కడొక మాట. మావ సంఘంలో తిరిగేవాడు. 1985 కారంచేడు గురించి, 1991 చుండూరు గురించి మా ఇంట్లో ఎన్ని రాత్రులు మాటలు నడిచాయో. నేను టీ పోశాను, విన్నాను, ఊగిపోయాను. ఒకసారి గడప దగ్గర నిలబడి ఆ బెంచీ సంగతి చెప్పాను. "అది వైద్యం సమస్య చెల్లెమ్మా" అన్నాడు ఒక అన్న, మంచివాడే. పల్లె పేరు వినగానే మంచం మాయమైపోతే అది వైద్యం సమస్యా?

మా వైపు బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు. పద్నాలుగో నెల్లో, మిగతా పిల్లలు పరిగెత్తే వయసులో, మావాడు చాప మీద ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుపోయి బోర్లా పడ్డాడు. అమ్మ శెనగపప్పు అప్పు తెచ్చి బొబ్బట్లు చేసింది. పేటంతా పంచాను. "ఇప్పుడా?" అన్నవాళ్ళకి రెండేసి పెట్టాను.

అడుగులు ఏడో ఏట, గోడ పట్టుకుని. అరిసెలూ వండాం. సర్టిఫికెట్టు కోసం బోర్డు ముందు ఎన్నిసార్లు నడిపించామో రాస్తే పుస్తకమవుద్ది. పింఛను 2024 జూలై నుంచి ఆరు వేలు. మాట ముద్దగా ఉంటుంది, మాకు అర్థమవుతుంది. డప్పు చప్పుడికి మాత్రం ఇప్పటికీ మొహం వెలుగుద్ది.

నేనిప్పుడు అంగన్‌వాడీ టీచర్ని. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చాక పిల్లల ఎదుగుదల చూడ్డానికి డాక్టర్ల బృందాలు సెంటర్లకే వస్తున్నాయి. మంచిదే. కానీ వాళ్ళొచ్చేదాకా నేనాగను. మొన్న నాలుగు నెలల బిడ్డని తూకానికి తెచ్చింది ఒక పిల్లతల్లి. ఎత్తుకుంటే నా అరచేతిలోకి తల వాలింది. ఆ బరువు నా చేతికి తెలుసు. "రేపెళ్తాను టీచరమ్మా, ఇయ్యాల మినుము తీత ఉంది" అంది. ఆయాకి సెంటరు అప్పగించి ఆ పిల్లతో నేనే బందరు బస్సెక్కాను.

ఓపీ కిటికీ దగ్గర చీటీ ఇచ్చారు. "టైము కూడా వెయ్యండి సార్" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడాయన. వేసేదాకా కిటికీ వదల్లేదు. 11.20 అని వేశాడు.