లాగడం వచ్చు, నెట్టడం రాదు!

రావులపాలెంలో మా బాబాయికి అరటి తోట ఉంది. ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుంటే మోటారుకి నీళ్లెక్కవు. ఎవరూ చూడకపోతే ఉత్తినే తిరిగి తిరిగి కాలిపోతుంది. రివైండింగ్ ఖర్చు ఒకెత్తు, గెలలేసే టైములో తోటకి తడి ఆగిపోవడం ఇంకో ఎత్తు. అందుకే పైపుకి ఫ్లో సెన్సర్ పెట్టించాడు. నీళ్లు రాకపోతే ఒక చిన్న బోర్డు మోటారుని ఆపేయాలి.

సంక్రాంతికి వెళ్లినప్పుడు ఫోన్ నా చేతిలో పెట్టాడు. "ఏరా, మోటారు ఆపి గంటయ్యింది. ఇదేమో ఇంకా లీటర్లు లెక్కెడుతోంది. నీది సాఫ్ట్‌వేరే కదా, చూడు."

"తప్పు కోడ్‌లో లేదు బాబాయ్, తీగలో ఉంది" అన్నాను. సెన్సర్ మీద 'ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్' అని రాసుంది మరి.

దాని లోపల ట్రాన్సిస్టర్‌కి మూడు కాళ్లు. ఎమిటర్‌ని గ్రౌండ్‌కి కలిపేస్తారు. బేస్‌కి కరెంటు అందితే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి దారి తెరుచుకుంటుంది. ఆ కలెక్టర్‌ని లోపల ఇంక దేనికీ కలపకుండా బయటికి వదిలేస్తే, అదే ఓపెన్ కలెక్టర్. ఆన్ అయితే తీగని దాదాపు సున్నా వోల్టులకి లాగుతుంది. ఆఫ్ అయితే 'ఒకటి' పంపుతుందనుకుంటాం. పంపదు! తీగని వదిలేస్తుందంతే. అలా వేలాడే తీగ పక్కనున్న కరెంటు వైర్ల అలజడిని పట్టుకుంటుంది. బోర్డు దాన్నే నీళ్లనుకుని లెక్కేస్తుంది.

పల్లెవెలుగు బస్సులో గంట తాడు చూశారుగా? లాగగలం, నెట్టలేం. వదిలాక వెనక్కి తెచ్చేది స్ప్రింగు. ఇక్కడ ఆ స్ప్రింగు పేరు పుల్-అప్ రెసిస్టర్. సిగ్నల్ తీగకీ 3.3 వోల్టులకీ మధ్య 4.7 కిలో ఓమ్‌లది ఒకటి పెట్టాను. ట్రాన్సిస్టర్ లాగినప్పుడు అందులో పారేది 0.7 మిల్లీ ఆంపియర్లే. దొంగ లీటర్లు ఆగిపోయాయి.

ఇలా సగం పని చేసి వదిలేయడం ఎందుకంటారా? సెన్సర్ నడిచేది 12 వోల్టుల మీద, బోర్డు పిన్ తట్టుకునేది 3.3 మాత్రమే. పైవోల్టేజీ ఎంతుండాలో మన రెసిస్టరే నిర్ణయిస్తుంది కాబట్టి రెండూ కలిసి బతుకుతాయి. పైగా ఒకే తాడుని ఎవరైనా లాగొచ్చు. ఫిలిప్స్ 1982లో తెచ్చిన ఐ2సీలో రెండే తీగల మీద బోలెడు చిప్‌లు మాట్లాడుకునేది ఈ పద్ధతిలోనే. అక్కడ దీని పేరు ఓపెన్ డ్రెయిన్.

అంతా విని బాబాయ్ అసలు ప్రశ్న అడిగాడు. "తీగని ఎలక కొరికేస్తేనో?"

"తీగ 3.3 దగ్గరే ఉండిపోతుంది. పల్సులు రావు. నీళ్లు లేవనుకుని మోటారు ఆపేస్తుంది."

అదే 'నీళ్లైపోతే తీగని లాగు' అనే సెన్సర్ పెట్టుంటే, తెగిన తీగ కూడా 'నీళ్లున్నాయి' అన్నట్టే కనిపించేది. మోటారు కాలేదాకా ఎవరికీ తెలిసేది కాదు. తీగ మూగబోతే ఏం జరగాలన్నది కనెక్షన్ ఇచ్చే ముందే తేల్చుకోవాలి.

"ఆగితే వచ్చి చూసుకుంటాను. కాలితేనే కష్టం" అంటూ బాబాయ్ స్టార్టర్ నొక్కాడు.