దోమ ముక్కు, దోమ కాళ్లు

జులై 28
రాత్రంతా ముసురు. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో పని ఆగింది. దోమల పని ఆగలేదు.

ఆగస్టు 1
నైట్ షిఫ్ట్ దిగొచ్చి పడుకున్నా. చారల కాళ్ల దోమ కుట్టింది. ఏడిస్. ఇది పగటిది. చీకటి పడ్డాక వచ్చేది క్యూలెక్స్. వాటికీ షిఫ్టులే. రిలీవర్ రాని రోజు మాత్రం లేదు.

ఆగస్టు 3
కింది క్వార్టర్ అవ్వ నిప్పుల మీద వాయిలాకు వేసింది. మెట్ల నిండా పొగ. అందరి కళ్లూ మండాయి.
"దోమలు పోయినయా అవ్వా?"
"అవి పోకున్నా మీరు లోపటికి పోయిన్రు గద."

ఆగస్టు 4
కుట్టేది ఆడదోమే. మనం విడిచే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ దాన్ని పిలుస్తుంది. ఏడిస్, క్యూలెక్స్‌లకు తొండం పక్కన రెండు పొట్టి మీసాలుంటాయి, వాటితో పట్టేస్తుంది. చెమట వాసనకు పొడుగు మీసాలు వేరే.
ఆ గ్యాస్ మనకు వాసనే రాదు. బొగ్గుబావిలోకి దిగితే మనకు గ్యాస్ సంగతి మీటరు చెప్పాలి. దోమకు పుట్టుకతోనే ఇచ్చారు. రిజిస్టర్‌లో సంతకం కూడా తీసుకోలేదు.

ఆగస్టు 7
సిట్రొనెల్లా నూనె రాసుకుని డ్యూటీకి బయల్దేరా. బస్సులో పక్కాయన: "ఏందన్నా, బాత్రూం కడిగొస్తున్నవా?" లేచి వెనక సీటుకు పోయాడు. మనుషుల మీద బాగా పనిచేస్తుంది.

అదే రోజు, రాత్రి
2010లో తేలింది. ఆ నూనెలోని సిట్రొనెల్లాల్ అనాఫిలిస్ దోమ నరాల్లో టీఆర్‌పీఏ1 అనే తలుపు తీస్తుంది. ఆవపిండి ఘాటు మన ముక్కుకెక్కేదీ ఆ పేరున్న తలుపులోంచే. మనకు అది సువాసన. దోమకు ఆవ.
నూనె తొందరగా ఆవిరైపోతుంది. షిఫ్టు ఎనిమిది గంటలు.

ఆగస్టు 11
జామాయిల్ తోటలో కాసేపు నిలబడ్డా. జామాయిల్ వాసనకు దోమలు రావని ఎవరో చెప్పారు. వచ్చాయి.
మందుకు వాడేది నిమ్మవాసన వచ్చే జామాయిల్. దాని నూనె నుంచి వచ్చే పీఎండీ అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే దోమమందుల జాబితాలో ఉంది. మూడేళ్లలోపు పిల్లలకు వద్దంటారు. మన తోటది కాగితం గుజ్జుకు పోయే రకం.

ఆగస్టు 14
కాయిల్ వెలిగించా. మొదట్లో కాయిల్ అంటే పైరెత్రం పువ్వు పొడి. చామంతికి చుట్టం. ఇప్పటివాటిలో చాలావరకు ఫ్యాక్టరీ నకలు.
ఆ పువ్వు సారం మీద 2021లో ఒక సంగతి బయటపడింది. అందులో బీటా ఫార్నెసీన్ అని ఉంది. ఏడిస్ దోమ మీసంలో ఓఆర్31 అనే గ్రాహకం దాన్ని పసిగడుతుంది. పైరెత్రిన్లు నరాలను కుదుపుతాయి. రెండూ కలిస్తే దోమ ఇంకా గట్టిగా తప్పుకుంటుంది.
పేనుబంక పురుగులు ఆపద వస్తే తోటివాటికి వదిలే వాసన కూడా బీటా ఫార్నెసీనే. వాటి సైరన్.

ఆగస్టు 17
ఆదివారం. శ్రావణం. రామగిరి ఖిల్లా ఎక్కాం. జనం మూలికల కోసం వస్తారు. కింద ఒక పెద్దాయన వేర్లు, బెరళ్లు పరిచి కూర్చున్నాడు. నడుం నొప్పికి ఉంది, షుగర్‌కు ఉంది.
"దోమలకేమన్నా ఉన్నదా తాతా?"
"దోమతెర కొనుక్కో బిడ్డా."

ఆగస్టు 20
దోమల దినం. 1897లో ఇదే రోజు సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు అతనికి అణా చొప్పున ఇచ్చారు. 1902లో రాస్‌కు నోబెల్.
ఆయన పనిచేసిన చోటు ఇప్పటి హైదరాబాద్ బేగంపేటలో. రామగిరి కింద మనకూ ఒక బేగంపేట ఉంది. ఇక్కడ ఉచితం.

ఆగస్టు 24
దోమ కాళ్లతో రుచి చూస్తుంది. వాసన జన్యువు చెడగొట్టిన ఏడిస్ దోమలను డీట్ అనే దోమమందు రాసిన చేతి మీదికి వదిలారు. వచ్చాయి, వాలాయి, కుట్టకుండానే లేచిపోయాయి. 2019లో తేల్చారు: పని కాళ్లదే, తొండానిది కాదు. డీట్ మొక్కల సరుకు కాదు, ఫ్యాక్టరీది.
విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే ఉప్పెక్కువైందని లేచిపోయే బావ ఒకాయన మాకున్నాడు.

ఆగస్టు 26
అవ్వ ఇవాళ యాపాకు కూడా కలిపింది. పొగ చిక్కబడింది. ఎవరూ బయటికి రాలేదు. అవ్వ ఒక్కతే అరుగు మీద హాయిగా కూర్చుంది.

ఆగస్టు 29
శుక్రవారం. డ్రై డే, నిల్వ నీళ్లు పారబోసే రోజు. పై ఇంటి వదిన ఎండాకాలం కూలర్ ఇంకా బాల్కనీలోనే. అడుగున నీళ్లు, నీళ్లలో తోకపురుగులు. వానాకాలంలో గుడ్డు రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.
"కూలర్ల నీళ్లు పారబొయ్యి వదినా."