అలాస్కా ఓడెక్కాలంటే... ఏజెంటా? నేరుగానా?

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు అలాస్కా క్రూయిజ్ అంటే ఊళ్లో బస్టాండుకెళ్లి బస్సెక్కినంత దగ్గర. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పియర్ 91, పియర్ 66 అనే రెండు రేవుల నుంచి పెద్దపెద్ద ఓడలు బయల్దేరి, వారం రోజులు తిప్పి మళ్లీ ఇక్కడికే తీసుకొస్తాయి. విమానం టికెట్ల గొడవ లేదు. అందుకే ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన ఏడాది చాలా ఇళ్లలో ఈ ప్రయాణం ఉంటుంది. వెళ్లొచ్చినవాళ్లను అందరూ అడిగేదీ ఒకటే: "ఎంతకు దొరికింది? ఎవరి దగ్గర కొన్నారు?"

పోయిన ఏడాది మా వంతు వచ్చింది. మాది కాకినాడ. నాన్న ముప్ఫై ఏళ్లకు పైగా పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అక్కడి యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా సముద్రంలో లంగరేసి నిలబడితే బార్జీల మీద సరుకు తీసుకెళ్లి ఎక్కిస్తారు. ఉద్యోగమంతా ఓడల పేర్లు, బస్తాల లెక్కలు రాసిన మనిషి, ఒక్కసారి కూడా ప్రయాణికుల ఓడ ఎక్కలేదు. ఈమధ్య మోకాళ్లు కూడా ఇబ్బంది పెడుతున్నాయి. ఇంకో రెండేళ్లు ఆగితే ఆయన తిరగగలరో లేదోనని నాకూ మా ఆయనకూ భయం పట్టుకుంది. అమ్మానాన్నలు, మేమిద్దరం, మొత్తం నలుగురం. రెండు గదులు కావాలి. అలా మొదలైంది టికెట్ల వేట.

ధర ఎక్కడైనా ఒకటేనా?

ఏజెంటు దగ్గర కొంటే కమిషన్ మన నెత్తిన పడుతుందని చాలామంది అనుకుంటారు. క్రూయిజ్ విషయంలో అలా ఉండదు. ఛార్జీ ఎంతో క్రూయిజ్ కంపెనీయే నిర్ణయిస్తుంది. ఏజెంటుకు కమిషన్ కూడా ఆ కంపెనీయే ఇస్తుంది. సాధారణంగా అది ఛార్జీలో పది శాతం, పెద్ద ఏజెన్సీలకు ఇంకాస్త ఎక్కువ. పన్నులు, పోర్టు ఫీజుల మీద మాత్రం కమిషన్ రాదు. మనం నేరుగా కొన్నంత మాత్రాన ఆ పది శాతం మనకు తగ్గించరు.

మరి ఏజెంట్లు ఇచ్చే డిస్కౌంటు ఎక్కణ్నుంచి వస్తుంది? రెండు దారులున్నాయి. చాలా క్రూయిజ్ కంపెనీలు తమ ధరకంటే తక్కువకు ప్రకటన ఇవ్వనివ్వవు. అందుకని ఏజెంటు తన కమిషన్‌లో కొంత ఇంకో రూపంలో ఇస్తాడు. ఓడలో ఖర్చుపెట్టుకునే సొమ్ము మన ఖాతాలో వేయడం, టిప్పులు ముందే కట్టడం లాంటివి. వీటిలో మొదటిదాన్నే ఆన్‌బోర్డ్ క్రెడిట్ అంటారు. కాస్ట్‌కో ట్రావెల్ అయితే సభ్యులకు తర్వాత కాస్ట్‌కోలో వాడుకునే షాప్ కార్డు ఇస్తుంది. రెండో దారి గ్రూపు ధర. పెద్ద ఏజెన్సీలు కొన్ని గదుల్ని ముందే గ్రూపు పేరిట పట్టిపెట్టుకుంటాయి. బయట ధర పెరిగినా ఆ గదులు పాత ధరకే దొరకొచ్చు.

ధర పోల్చేటప్పుడు ప్రకటనలో కనిపించే పెద్ద అంకెను నమ్ముకోకూడదు. అది సాధారణంగా కిటికీ లేని లోపలి గదికి, గదిలో ఇద్దరుంటే ఒక్కొక్కరికి అయ్యే ధర. పన్నులు, పోర్టు ఫీజులు అందులో కలిపారో లేదో చూడాలి. టిప్పులు రోజుకు మనిషికి 17 డాలర్లు అనుకుందాం. నలుగురికి ఏడు రోజులకు 476 డాలర్లు! వైఫై, ఊళ్లలో తిరిగే టూర్లు వేరే. అందుకే ఎవరు ధర చెప్పినా నేను అడిగేది ఒకటే: "అన్నీ కలిపి, నలుగురికి, ఓడ దిగేసరికి ఎంత?" అన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో వేసి చూస్తే, చివరికి నేరుగా కొన్నదానికీ ఏజెంటు దగ్గర కొన్నదానికీ తేడా ఆ క్రెడిట్ మేరకే తేలింది.

విక్టోరియా మెలిక

అసలు సంగతి ఇంకోచోట ఉంది. సియాటెల్ నుంచి అలాస్కా వెళ్లడమంటే అమెరికా నుంచి అమెరికాకే కదా! అయినా ఓడ దారిలో కెనడాలో ఆగుతుంది. దీనికి కారణం 1886 నాటి చట్టం. ఒక అమెరికా రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకు ప్రయాణికుల్ని చేరవేసే హక్కు అమెరికా ఓడలకే ఉంది. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, బెర్ముడా, పనామా లాంటి విదేశాల జెండాల కింద నడుస్తాయి. సియాటెల్‌లో బయల్దేరి సియాటెల్‌కే తిరిగి రావాలంటే అవి మధ్యలో ఒక విదేశీ రేవును తాకాలి. అందుకే చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో నాలుగైదు గంటలు ఆగుతాయి. కోవిడ్ సమయంలో కెనడా తన రేవులు మూసేస్తే, 2021లో అమెరికా ఈ నిబంధనకు తాత్కాలికంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

ఇండియన్ పాస్‌పోర్టుతో, అమెరికా వీసా మీద ఉన్నవాళ్లకు ఆ నాలుగైదు గంటల కోసం కెనడా వీసా కావాలి. అమెరికా వీసా కూడా మల్టిపుల్ ఎంట్రీ అయ్యుండాలి. నాకూ మా ఆయనకూ అంతకుముందు వాంకూవర్ వెళ్లినప్పటి కెనడా వీసాలు ఉన్నాయి. అమ్మానాన్నలకు లేవు.

మొదట నేను మాట్లాడింది తెలిసినవాళ్లు చెప్పిన ఒక ఏజెంటుతో. తెలుగాయనే. ధర బాగానే చెప్పాడు. క్రెడిట్ కూడా అందరికంటే ఎక్కువ ఇస్తానన్నాడు. "మరి కెనడా వీసా అండీ?" అని అడిగాను.

"అబ్బే, అక్కర్లేదు మేడమ్. విక్టోరియాలో పెద్దవాళ్లని ఓడలోనే ఉండమనండి. దిగకపోతే ఎవరడుగుతారు? మనవాళ్లు బోలెడుమంది అలాగే వెళ్లొచ్చారు."

క్రూయిజ్ కంపెనీ నిబంధనల్లో ఏం రాసుందో ఫోన్‌లోనే చదివి వినిపించాను. దిగినా దిగకపోయినా దారిలో ఉన్న ప్రతి దేశానికీ సరైన పత్రాలుండాలి, లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, డబ్బు వెనక్కి రాదు. "అవన్నీ అలాగే రాస్తారు మేడమ్" అన్నాడు. ఆయన చెప్పిన ఛార్జీలో ఇంకో మెలిక కూడా ఉంది. కట్టిన అడ్వాన్సు తిరిగి ఇచ్చే రకం కాదు. రద్దు చేస్తే ఆయన ఏజెన్సీకి వేరే ఫీజు కూడా కట్టాలి. నాన్నను రేవు దాకా తీసుకెళ్లి, కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తే? ఆ ఆలోచనకే కడుపులో తిప్పింది. దండం పెట్టి ఫోన్ పెట్టేశాను.

రెండు దారులూ నడిచాం

జనవరిలో జూన్ ప్రయాణానికి క్రూయిజ్ కంపెనీ సైట్‌లోనే బుక్ చేశాను. తిరిగి ఇచ్చే అడ్వాన్సు ఉన్న ఛార్జీ ఎంచుకున్నాను. కాస్త ఎక్కువైనా పర్లేదనుకున్నాం. అదే వారం అమ్మానాన్నలు కాకినాడ నుంచే కెనడా వీసాకు దరఖాస్తు పెట్టారు. మనిషికి వీసా ఫీజు 100 కెనడియన్ డాలర్లు, వేలిముద్రలకు 85. వేలిముద్రలివ్వడానికి హైదరాబాద్ వెళ్లొచ్చారు.

మిగతా డబ్బంతా కట్టాల్సిన గడువు ప్రయాణానికి మూడు నెలల ముందు, అంటే మార్చి మొదట్లో. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే కోత పడుతుంది, రోజులు దగ్గరపడేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. మార్చి వచ్చింది. అమ్మ వీసా ఖరారైంది. నాన్నది రాలేదు. గడువుకు ఒకరోజు ముందు రాత్రి పదకొండింటికి లాగిన్ అయి రెండు గదులూ రద్దు చేశాను. వారం తిరక్కుండా అడ్వాన్సు మొత్తం కార్డులోకి వచ్చేసింది. ఎవరినీ బతిమాలే పని పడలేదు. నేరుగా కొనడంలో ఉన్న అసలు సుఖం ఇదే.

ఫోన్‌లో నాన్న, "నా వల్ల మీ అందరి ప్రయాణం ఆగిపోయిందమ్మా" అన్నారు. "ఓడలు ఇంకా చాలా ఉన్నాయి నాన్నా" అన్నాను గానీ, నాకూ బెంగగానే ఉంది.

ఏప్రిల్‌లో నాన్న వీసా వచ్చింది. ఈసారి ఆగస్టు ప్రయాణం. పత్రాలన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి రద్దు చేసే అవసరం పెద్దగా రాదు. అందుకని ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. క్రూయిజ్‌లు తప్ప వేరేవి అమ్మని పెద్దావిడ. ధర సైట్‌లో ఉన్నదే. రెండు గదులకూ క్రెడిట్ ఇచ్చింది. ఇంకా నేను అడగని ప్రశ్నలు ఆవిడ అడిగింది. "మీ నాన్నగారు ఎంతదూరం నడవగలరు?" అని, లిఫ్టు పక్కన, ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో గది చూసింది. అక్కడ ఊపు తక్కువట. పైన డాన్సు హాలు, కింద వంటగది లేని గదులు ఏవో ప్లాన్ మీద చూపించింది. ఇండియన్ వెజిటేరియన్ భోజనం ముందే రాయించింది. ఇదంతా నేను మూడు రాత్రులు కూర్చున్నా తెలుసుకునేదాన్ని కాదు.

ఇబ్బందీ లేకపోలేదు. గడువుకు పది రోజుల ముందు మా గది ధర సైట్‌లో తగ్గింది. అప్పటికి మొత్తం కట్టలేదు కాబట్టి కొత్త ధర అడగొచ్చు. క్రూయిజ్ కంపెనీకి ఫోన్ చేస్తే "మీ ఏజెంటే మార్చాలి" అన్నారు. ఆరోజు శనివారం. సోమవారం ఆవిడ ఫోన్ తీసేదాకా ఆ ధర ఉంటుందో లేదోనని ఎదురుచూశాం. ఉంది, మార్చింది. లేకపోయుంటే చేసేదేమీ ఉండేది కాదు.

ఓడలో వారం

మొదట ఆగింది జూనోలో. అలాస్కా రాజధాని అదే, కానీ బయటి ఊళ్ల నుంచి అక్కడికి రోడ్డు లేదు. ఓడ ఎక్కాలి, లేదా విమానం ఎక్కాలి. ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే మెండెన్‌హాల్ హిమానీనదం. పక్కనే నగ్గెట్ జలపాతం. ఆగస్టు కాబట్టి వాగులో ఎర్రటి సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపించాయి. "మన పులసలాగే, ఏటికి ఎదురొస్తున్నాయి" అంది అమ్మ.

స్కాగ్‌వే 1897-98 నాటి బంగారం వేటలో పుట్టిపెరిగిన ఊరు. అప్పట్లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన చిన్న పట్టాల రైలు ఇప్పటికీ కొండ ఎక్కుతుంది. సుమారు ముప్ఫై కిలోమీటర్లలో దాదాపు మూడు వేల అడుగుల ఎత్తుకు! ఇక్కడా టికెట్ దగ్గర అదే ప్రశ్న. ఓడవాళ్ల దగ్గర కొనాలా, బయటా? బయట చౌకగా దొరకొచ్చు. కానీ ఓడవాళ్లు అమ్మిన టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే ఆగదు. నాన్న నడకను చూసుకుని ఓడవాళ్ల దగ్గరే తీసుకున్నాం. ఏజెంటు ఇచ్చిన క్రెడిట్ అక్కడే ఖర్చయింది.

అన్నిటికంటే గుర్తుండిపోయేది గ్లేసియర్ బే. రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలను మాత్రమే లోపలికి రానిస్తారు. పార్కు రేంజర్లు పడవలో వచ్చి ఓడెక్కి, ఆ చోటు గురించి మైకులో చెబుతారు. 1794లో వాంకూవర్ నౌకలు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు మొత్తం మంచుతో నిండి ఉందట. తర్వాత ఆ మంచు వంద కిలోమీటర్లకు పైగా వెనక్కి తగ్గింది. మన ఓడ సాగుతున్న నీళ్లన్నీ ఒకప్పుడు మంచేనన్నమాట. మార్జరీ హిమానీనదం ముందు ఓడ ఆగింది. ఎదురుగా మైలు వెడల్పున నీలంగా మెరిసే మంచు గోడ. ఉరుములాంటి చప్పుడు ముందు రాదు. మంచు ముక్క విరిగి నీళ్లలో పడిపోతున్నప్పుడు కళ్లకు కనిపిస్తుంది, ఆ తర్వాతే చెవులకు వినిపిస్తుంది. నాన్న రెండు గంటలు రెయిలింగ్ వదల్లేదు. చలికి అమ్మ లోపలికి రమ్మంటే, "ఇంత పెద్ద ఓడని కెప్టెన్ ఉన్నచోటే ఎలా తిప్పుతున్నాడో చూడనీ" అన్నారు.

కెచికాన్‌లో వాన. అక్కడ ఏడాదికి సుమారు 3,800 మిల్లీమీటర్లు పడుతుంది. మా కాకినాడ వానకు మూడింతలు. గొడుగులేసుకుని టోటెమ్ స్తంభాలు, వాగు మీద కొయ్య గుంజలపై నిలబెట్టిన క్రీక్ స్ట్రీట్ ఇళ్లు చూసి వచ్చేశాం.

ఎవరి దగ్గర కొనాలని ఇప్పుడు నన్నడిగితే ఇలా చెబుతాను. వీసాలు, సెలవులు ఏవీ ఖాయం కాకపోతే నేరుగా కొనండి, తిరిగి ఇచ్చే అడ్వాన్సుతో. అన్నీ ఖాయమై, వెంట పెద్దవాళ్లుంటే మంచి ఏజెంటును పట్టుకోండి. క్రెడిట్ ఎంతిస్తారని అడిగేముందు రద్దు చేస్తే మీ ఫీజెంత, శని ఆదివారాల్లో ఫోన్ తీస్తారా అని అడగండి. వీసా సంగతి మాత్రం ఎవరి మాట మీదా ఆధారపడకుండా క్రూయిజ్ కంపెనీ, కెనడా ప్రభుత్వం సైట్లలో మీరే చదువుకోండి. అది కూడా ఇండియాలో ఉండగానే మొదలుపెట్టండి.

చివరి సాయంత్రం విక్టోరియా. సియాటెల్‌లో ఓడెక్కేటప్పుడే కౌంటర్‌లో అమ్మాయి అందరి కెనడా వీసాలూ తిప్పి తిప్పి చూసింది. మా పక్క వరసలో ఒక కుటుంబం, పెద్దాయన పాస్‌పోర్టు పట్టుకుని సూపర్‌వైజర్‌తో వాదిస్తూ ఉంది. వాళ్లను ఎక్కనిచ్చారో లేదో మాకు తెలీదు, ఓడలో మాత్రం మళ్లీ కనిపించలేదు. విక్టోరియాలో రేవు దగ్గర షటిల్ ఎక్కి ఊళ్లోకి వెళ్లాం. దీపాల వెలుగులో పార్లమెంటు భవనం, ఎదురుగా పడవలు. బెంచీ మీద కూర్చుని ఐస్‌క్రీం తిన్నాం. మొత్తం రెండున్నర గంటలు.

"ఈ రెండున్నర గంటలకా అంత ఖర్చు, హైదరాబాద్ ప్రయాణం!" అన్నారు నాన్న.

"వీసా పాస్‌పోర్టు గడువు దాకా ఇచ్చారుగా" అంది అమ్మ. "ఈసారి నయాగరా ఇటువైపు నుంచి చూద్దాం."