వరద తెరిచిన రేవుకు మా వేసవి ప్రయాణం

రంజాను తొలి వారంలో ఒక రాత్రి, ఇఫ్తారు ముగిసి తరావీహ్‌కు ఇంకా వ్యవధి ఉండగా, మా ఇంట్లో ఒక తెల్లకాగితం మీద ఊళ్ళ జాబితా తయారైంది. మా అమ్మాయికి సంబంధం కుదిరింది. బక్రీదు తరువాత నికాహ్. ఆమె అత్తవారింటికి వెళ్ళకముందు ఒక్కసారైనా నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళిరావాలని నా శ్రీమతి కోరిక. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె చేసిన ప్రయాణాలు రెండే రకాలు: పుట్టింటికి, ఆసుపత్రికి. కనుక కాదనడానికి నాకు నోరు రాలేదు. పెళ్ళికని దాచిన సొమ్ములో ఒక్క రూపాయి ముట్టరాదని, నా జీతంలో ఏడాదిగా విడిగా కూడబెట్టిన ఇరవై వేలు దాటరాదని మాత్రం షరతు పెట్టుకున్నాము.

పద్నాలుగేళ్ళ మా అబ్బాయి జాబితా మొదట్లోనే లక్షద్వీప్ అని పెద్ద అక్షరాలతో రాశాడు. ఓడ ఎక్కాలి, దీవి చూడాలి, అంతే. నేను పొన్నాని అని రాశాను. పదహారవ శతాబ్దంలో షేఖ్ జైనుద్దీన్ మఖ్దూమ్ అక్కడే ఉండి ‘ఫత్‌హుల్ ముయీన్’ రచించారు. షాఫయీ ఫిఖ్హ్‌లో ఆ గ్రంథాన్ని ఇండోనేషియా వరకు నేటికీ పాఠంగా చెబుతారు. విద్యార్థి దశ నుంచి ఆ ఊరి పేరు నా మనసులో ఉంది. అమ్మాయి కొచ్చి అంది. నా శ్రీమతి ఏమీ రాయలేదు. “ఎక్కడికైనా సరేనండీ, పరుగులు మాత్రం పెట్టించకండి” అన్నది.

ఆ ఒక్క మాట జాబితాలో సగానికి పైగా కొట్టివేసింది. చవకగా తిరగడమంటే చవక గది వెతకడమని చాలామంది భావిస్తారు. నా లెక్కలో ఖర్చును పెంచేది దూరం. ప్రతిరోజూ సామాను సర్దుకొని కొత్త ఊరికి వెళితే ఆటోలకు, పూట గడవని హోటళ్ళకు, అలసటకు డబ్బు పోతుంది. లక్షద్వీప్‌కు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, కొచ్చి నుంచి ఓడలో చాలా గంటలు ప్రయాణించాలి; విచారించి చూస్తే మా ఇరవై వేలకు అది అందే మాట కాదు. అబ్బాయి ముఖం చిన్నబోయింది. అప్పుడు నేను కలం తీసుకొని పొన్నానిని కూడా కొట్టివేశాను. వాడు మరి లక్షద్వీప్ ఊసెత్తలేదు. ఎర్నాకుళంలో ఒకే గది, నాలుగు రాత్రులు, చుట్టూ పడవ అందించినంత మేర: ఇదీ మా ప్రణాళిక.

రైలు టిక్కెట్లు ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు కనుక, మే మొదటివారం ప్రయాణానికి రంజాను మొదట్లోనే ఉదయం ఎనిమిది గంటలకు సిద్ధంగా కూర్చోవలసి వచ్చింది. జూన్ మొదలయ్యేసరికి కేరళను వర్షాలు పట్టుకుంటాయి. అందుచేత మే నెల దాటనీయరాదు. గుంటూరు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్సులో స్లీపర్ తరగతి, నలుగురికి రానుపోను అయిదు వేల లోపే అయింది. పన్నెండేళ్ళలోపు పిల్లలుంటే, బెర్తు అడగకపోతే సగం ఛార్జీయే. దారిలో తినడానికి చపాతీలు, పులిహోర కట్టుకున్నాము. ఆవకాయ సీసా నా శ్రీమతి ఎందుకు మూటలో పెట్టిందో అక్కడి లావు ఎర్రబియ్యపు అన్నం విస్తట్లోకి వచ్చాక గాని నాకు బోధపడలేదు.

కొచ్చిని చూడాలంటే ముందు కొడుంగల్లూరు కథ తెలియాలి. రెండు వేల ఏళ్ళ క్రితం రోము నగరపు ఓడలు మిరియాల కోసం వచ్చిన ముజిరిస్ రేవు ఆ ప్రాంతంలోనే ఉండేదని చరిత్రకారులు చెబుతారు. సమీపంలోని పట్టణం అనే గ్రామంలో 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో రోము దేశపు మద్యం, నూనె జాడీల పెంకులు కుప్పలుగా బయటపడ్డాయి. అంతటి రేవును 1341లో పెరియార్ నదికి వచ్చిన వరద పూడ్చివేసిందని చెబుతారు. అదే వరద దక్షిణాన కొచ్చి వద్ద సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచింది. కొట్టుకువచ్చిన మట్టి, ఇసుక మేటవేసి వైపీన్ దీవి ఏర్పడింది. ఆ దీవి పుట్టుకతో ‘పుతువైప్పు’ అనే శకాన్నే లెక్కించుకున్నారు అక్కడివారు. ఒక ఊరి వర్తకం మునిగింది, మరో ఊరికి తెల్లవారింది. ఒకనాడు విదేశీ వర్తకులకు కాకతీయ గణపతిదేవుడు అభయశాసనం వేయించిన మన మోటుపల్లి ఈనాడు ఒక చిన్న పల్లె అని చెప్పినప్పుడు, “అది మన చీరాల పక్కనే కదా అబ్బా, మనం ఎప్పుడూ వెళ్ళలేదే!” అన్నది అమ్మాయి. నా వద్ద జవాబు లేదు.

మొదటి సాయంత్రమే ఒక పొరపాటు చేశాను. పురాతన మసీదు ఒకటి చూపిస్తానని అందరినీ తీసుకువెళ్ళాను. అక్కడ స్త్రీలకు లోపలికి ప్రవేశం లేదు. కేరళలోని పాత మసీదుల్లో కొన్నిచోట్ల ఇదే పద్ధతి అని నాకు తెలియనిది కాదు. ప్రణాళిక వేసేటప్పుడు తోచలేదు, అంతే. నేనూ అబ్బాయీ చెక్కపని చూసి, నమాజు చేసుకొని, తీరికగా బయటికి వచ్చేసరికి తల్లీ కూతుళ్ళు సంచులతో గోడవారగా నిలబడి ఉన్నారు. వారి అసర్ నమాజు సమయం దాటిపోబోతున్నది. నా శ్రీమతి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎవరి కోసం ఈ ప్రయాణం పెట్టుకున్నామో వారినే గోడ బయట నిలబెట్టాను. మరునాటి నుంచి, స్త్రీలకు నమాజు స్థలం ఉన్న మసీదు ఎక్కడుందో ముందు విచారించి, దాని చుట్టూ ఆ రోజు కార్యక్రమం అల్లుకున్నాము. అలాంటి మసీదులు అక్కడ చాలానే ఉన్నాయి, అడగాలి. ఉర్దూ అన్నిచోట్లా పనిచేయదు, మలయాళం మనకు రాదు. సలాము చెప్పి ‘నమాజు’ అంటూ నా శ్రీమతి వైపు చూపితే చాలు, దారి చూపేవారు.

అక్కడి ముస్లిములు అధికశాతం షాఫయీలు. మన హనఫీ సమయం కంటే ముందుగానే అసర్ అజాన్ వినిపిస్తుంది. ఫజ్ర్ నమాజు రెండో రకాతులో ఇమాము రుకూ నుంచి లేచి, చేతులెత్తి ఖునూత్ చదువుతుంటే మా అబ్బాయి కంగారుపడి నా వైపు చూశాడు. మదరసాలో పుస్తకంలో చెప్పిన భేదాన్ని వాడు కళ్ళతో చూడటం అదే ప్రథమం. పదిహేను రోజుల లోపు బస కనుక మేము ఖస్ర్ చేసుకుంటూ, స్థానిక ఇమాము వెనుక మాత్రం పూర్తి నమాజు చేశాము. మట్టాంచేరిలో కచ్ఛీ మేమన్ల హనఫీ మసీదు కూడా ఉంది. గుజరాత్ తీరం నుంచి వర్తకానికి వచ్చి స్థిరపడినవారు వారు.

మట్టాంచేరికి ఒక రోజంతా ఇవ్వవచ్చు. పోర్చుగీసువారు కట్టించి కొచ్చి రాజుకు ఇచ్చిన రాజభవనం శుక్రవారం మూసి ఉంటుంది. దాని పక్కనే, రాజు ఇచ్చిన స్థలంలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం శనివారం తెరవరు. కనుక మేము గురువారం వెళ్ళాము. రాగిరేకు కప్పుతో పేరుపొందిన చెంబిట్టపళ్ళి మసీదు కూడా ఈ పేటలోనిదే. ఒక మైలు చుట్టుకొలతలో ఇన్ని మతాలవారికి చోటిచ్చిన రాజులను తలచుకోకుండా ఉండలేము.

ఫోర్ట్ కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడగామాను 1524లో ఖననం చేసిన చోటు ఉంది. తరువాత అస్థికలను పోర్చుగల్‌కు తరలించారు. పాఠ్యపుస్తకంలో భారతదేశానికి దారి కనుగొన్నవాడని చదివిన మా పిల్లలకు, 1502లో మక్కా నుంచి తిరిగివస్తున్న యాత్రికుల ఓడను స్త్రీలు, పసిపిల్లలతో సహా తగలబెట్టించినవాడూ ఇతడేనని చెప్పాను. ఆ కాలపు పోర్చుగీసు దౌర్జన్యాలను జైనుద్దీన్ మఖ్దూమ్ ‘తుహ్ఫతుల్ ముజాహిదీన్’లో నమోదు చేశారు. అమ్మాయి చాలాసేపు ఆ రాతి పలక దగ్గరే నిలబడింది. అబ్బాయి మాత్రం బయట చీనా వలలు నీటిలోంచి లేవడం చూడటానికి పరుగెత్తాడు. వాడి వయసుకు అదే సరి.

శుక్రవారం కొడుంగల్లూరు వెళ్ళాము. వైపీన్ దీవి పొడవునా సాగే బస్సులో చెరాయి వరకు ఒక పక్క సముద్రపు గాలి, మరో పక్క చెరువుల వంటి ఉప్పునీటి మడుగులు. చేరమాన్ జుమా మసీదు క్రీ.శ. 629లో మాలిక్ బిన్ దీనార్ కట్టించినదని స్థానికుల విశ్వాసం. ఆ తేదీని, చేరమాన్ పెరుమాళ్ కథను చరిత్రకారులందరూ అంగీకరించరు. పిల్లలకు రెండూ చెప్పాను. విశ్వాసాన్ని చరిత్రగానూ, చరిత్రను విశ్వాసంగానూ చెప్పడం గురువుకు తగదు. లోపలి పాత నూనె దీపానికి అన్ని మతాలవారూ నూనె తెచ్చి పోస్తారట.

ఇక దీవుల సంగతి. రాష్ట్ర జలరవాణా శాఖ పడవ టిక్కెట్టు మేము వెళ్ళిననాడు మనిషికి పది రూపాయల లోపే. కొత్తగా వచ్చిన వాటర్ మెట్రోలో చల్లని గాలితో, ఇరవై రూపాయల నుంచి మొదలు. ఒకే పడవలో కూర్చొని, వరద కట్టిన వైపీన్‌ను ఒక పక్క, ఓడరేవు తవ్విన మట్టితో మనుషులు కట్టిన విల్లింగ్డన్ దీవిని మరో పక్క చూపించాను. అబ్బాయి ఒడ్డు దిగకుండానే మళ్ళీ టిక్కెట్టు తీసుకుందామన్నాడు. మూడు సార్లు తిరిగాము. నా శ్రీమతి కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు.

అన్నీ కలిపి పదిహేడు వేల చిల్లర అయింది. మిగిలింది అమ్మాయి చేతిలో పెట్టాను.

తిరుగు ప్రయాణంలో త్రిశూర్ దాటిన తరువాత రైలు పట్టాల పక్కన ఒక వెడల్పాటి నది వచ్చింది. మే నెల కనుక నీటికంటే ఇసుకే ఎక్కువ. “ఇది ఏ నది అబ్బా?” అని అబ్బాయి అడిగాడు. భారతప్పుళ అన్నాను. ఎక్కడ సముద్రంలో కలుస్తుందని అడిగితే పొన్నాని దగ్గర అని చెప్పాను. అప్పటివరకు కునుకు తీస్తున్న నా శ్రీమతి కళ్ళు తెరిచి, నది కనుమరుగయ్యేదాకా నాకు కిటికీ పక్క చోటిచ్చింది.