రాయించిన ఉత్తరాలు

మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్ళల్లో ముసలివాళ్ళని కదిపితే 'మా తాత రంగం ఎల్లాడు' అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని స్టీమరెక్కేవారు. రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. అప్పు తీరేదాకా మేస్త్రీ మనుషులే. చట్టం దాన్ని బానిసత్వం అనలేదు. పని మానుకుని ఇంటికి రాలేనివాడికి ఇంకో పేరేముందో చట్టమే చెప్పాలి!

వాళ్ళు ఇంటికి ఉత్తరాలు పంపారు. అక్షరం రానివాళ్ళు ఇంకొకరిచేత రాయించుకున్నారు. రాసేవాడు మేస్త్రీ మనిషైతే మేస్త్రీ కొట్టిన దెబ్బ కాగితం మీదకి ఎలా వస్తుంది? ఇక్కడేమో ఊరి పెద్దల అరుగు కింద నిలబడి చదివించుకోవాలి. 'ఇక్కడ క్షేమం' అన్న ముక్క ఒక్కటే రెండు చోట్లా ఇబ్బంది లేకుండా దాటుతుంది.

తర్వాత యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్‌పై బాంబులు వేసింది. 1942 మార్చిలో నగరం దాని చేతికి చిక్కింది. లక్షల మంది భారతీయులు అడవులు, కొండలు పట్టుకుని నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. అటు మలయా తోటల్లోని తమిళ, తెలుగు కూలీల్ని జపాన్ సైన్యం సయాం-బర్మా రైలుమార్గం పనికి తరలించింది. 415 కిలోమీటర్ల ఆ దారి 1943 అక్టోబరుకి పూర్తయింది. అక్కడ యుద్ధఖైదీలైన తెల్ల సైనికులకి ఇంటికి పంపుకోవడానికి అచ్చు కార్డులిచ్చారు, బాగున్నానన్న మాట కూడా ముందే అచ్చువేసి. వాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయిన ఆసియా కూలీల్లో చాలామందికి పేరు రాసిన సమాధి కూడా లేదు.

ఇవి చదువుతుండగా మాకు అమెరికా అంతర్యుద్ధం నాటి ఉత్తరాలు దొరికాయి. మిస్సోరిలో నల్లజాతి బానిసలు సైన్యంలో చేరితే భార్యాబిడ్డలు యజమానుల దగ్గరే చిక్కుకుపోయారు. 1863 డిసెంబరు 30న మార్తా అనే ఆమె, నువ్వెళ్ళినందుకు నన్ను కొడుతున్నారని, అసలు నన్ను విడిచి వెళ్ళకుండా ఉండాల్సిందని భర్తని నిష్ఠూరమాడింది. 1864 జనవరి 19న ఆన్ అనే మరో ఆమె రాయించిన ఉత్తరం మమ్మల్ని వదల్లేదు. రోజురోజుకీ హింస పెరుగుతోంది, బిడ్డ నీకోసం ఏడుస్తోంది, ఒంటి మీద గుడ్డల్లేవు, డబ్బు పంపు, అయితే ఫలానావాడి చేతికి మాత్రం పంపకు, ఉంచేసుకుంటాడు. అంతా అయ్యాక అడుగున ఇంకో మాట: నీ గుర్తుగా మన పాపకి పూసల దండ పంపు. దెబ్బల్ని దెబ్బలని రాసిపెట్టే మనిషి ఆమెకి దొరికాడు. మా రంగం తాతలకి దొరికారా?

అలాగని తప్పంతా రాసేవాడి మీదకి నెట్టలేం. ఆరో తరగతిలో హాస్టల్లో చేరిన కొత్తలో ఫోను దగ్గర వరసలో నిలబడి, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా 'బాగున్నామమ్మా, తిన్నాం' అనేవాళ్ళం. అమ్మ ఏడుస్తుందని. తాతలూ అలా దాచుంటారు. భయం దాచిందేదో, ప్రేమ దాచిందేదో కాగితం చూసి చెప్పలేం.

మాలో ఒకరి మామ్మకి వాళ్ళ నాన్న ముఖం తెలీదు. యుద్ధానికి ముందు రంగం నుంచి మనియార్డరు వచ్చేదని వాళ్ళమ్మ చెప్పేదట. డబ్బు ముట్టినట్టు ఆవిడ వేసిన వేలిముద్ర తిరిగి రంగం చేరేది. ఒకరికొకరు చేత్తో పంపుకున్నది అదొక్కటే.

మిత్రులారా, అన్నయ్యలారా, మా ఇళ్ళల్లో డిగ్రీ దాటింది మేమే మొదటివాళ్ళం. చదివిపెట్టడానికి ఇప్పుడు ఎవరి అరుగు కిందా నిలబడక్కర్లేదు. మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టెలో రంగం కాగితం ఏదైనా ఉంటే, చెదలు పట్టిందైనా సరే, పారెయ్యకండి. కాగితం లేకపోతే మామ్మని అడిగి, ఆమె ఎలా చెబితే అలాగే రాసి తీసుకురండి.